నూట యాభై వ్యాసాలు, ఒక కొత్త టీచరు

1912 జనవరిలో అమెరికాలో ఇంగ్లీషు ఉపాధ్యాయుల కోసం ‘ఇంగ్లిష్ జర్నల్’ అనే పత్రిక మొదలైంది. తొలి సంచికలో మొదటి వ్యాసం కాన్సస్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు ఎడ్విన్ హాప్కిన్స్‌ది. ఇప్పుడున్న పరిస్థితుల్లో పిల్లలకు రచన సరిగ్గా నేర్పడం సాధ్యమేనా అన్నది శీర్షికలోని ప్రశ్న. వ్యాసంలో మొట్టమొదటి మాట: ‘కాదు.’

ఒక వృత్తికి చెందిన పత్రిక ‘కాదు’తో కళ్లు తెరవడం వింతే. హాప్కిన్స్‌ను పట్టి పీడించింది ఏ సిద్ధాంతమో కాదు, పనిభారం లెక్క. ఆ లెక్కను ఈనాటి అంకెలతో ఎవరైనా వేసుకోవచ్చు. అయిదు సెక్షన్లు, సెక్షనుకు 30 మంది, మొత్తం 150 మంది. ఒక్కొక్క వ్యాసం చదివి, నాలుగు మాటలు రాయడానికి 10 నిమిషాలు అనుకుంటే 1,500 నిమిషాలు, అంటే 25 గంటలు. వారానికొక వ్యాసం రాయిస్తే, పాఠాలు చెప్పే సమయమూ వాటికి సిద్ధమయ్యే సమయమూ పోను ఈ 25 గంటలు ఎక్కడి నుంచి తేవాలి? 1959లో అమెరికా హైస్కూళ్లను పరిశీలించి నివేదిక ఇచ్చిన జేమ్స్ కోనంట్, ఏ ఇంగ్లీషు టీచరుకూ 100 మందికి మించి విద్యార్థులను అప్పగించకూడదని సిఫారసు చేశారు. నూరైనా సరే, 10 నిమిషాల లెక్కన దాదాపు 17 గంటలు.

పైగా ఈ 10 నిమిషాలు చేయి తిరిగినవారి వేగం. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో ఒక్క వ్యాసానికి అరగంట పడుతుంది, అందులో ఇరవై నిమిషాలు ఏం రాయాలో తోచకే పోతాయి. అయినా పాఠశాల ఆ కొత్త టీచరుకు ఇరవై ఏళ్ల సీనియరుకు ఇచ్చినన్ని తరగతులే ఇస్తుంది. చాలాచోట్ల సీనియర్లు వద్దనుకున్న సెక్షన్లు కూడా వారికే దక్కుతాయి. శస్త్రచికిత్స నేర్చుకునే డాక్టరుకు మొదటి రోజే ఆపరేషన్ గది అప్పగించరు. విమానం నడపడం నేర్చుకునేవారి పక్కన ఇంకో పైలట్ కూర్చుంటాడు. తరగతి గదిలో మాత్రం మొదటి పీరియడుకే తలుపు మూసుకుంటుంది. లోపల ఒక పెద్దమనిషి, ముప్పై మంది పిల్లలు.

దీనికి విరుగుడు ఏమిటని అడిగితే రెండు జవాబులు తరచుగా వినిపిస్తాయి. శిక్షణ కళాశాలలో సిద్ధాంతం తగ్గించి అభ్యాసం పెంచాలన్నది ఒకటి. ప్రతి కొత్త టీచరుకూ ఒక సీనియర్ టీచరును తోడు పెట్టాలన్నది రెండోది. రెండూ తప్పు కావు. కానీ రెండూ ఒక విషయాన్ని దాటేస్తున్నాయి: ఆ అభ్యాసం దేని మీద, ఆ తోడు ఏ పనిలో? ఇంగ్లీషు టీచరు పనికి తనదైన చిక్కులున్నాయి. అవి తెలియని శిక్షణ, అవి ముట్టుకోని తోడు ఎంత పెంచినా పైపూతే అవుతుంది.

ఒకే పేరు, నాలుగు సబ్జెక్టులు

టైంటేబుల్లో ‘ఇంగ్లీషు’ అని ఒకే గడి ఉంటుంది. దాని లోపల ఉన్నవి కనీసం నాలుగు వేర్వేరు పనులు: సాహిత్యం చదివించడం, భాష నిర్మాణం చెప్పడం, రాయించడం, మాట్లాడించడం. ఇంగ్లీషు పిల్లల ఇంటి భాష అయిన చోట సాహిత్యం బరువెక్కుతుంది, కాని చోట భాషే బరువెక్కుతుంది. ఎక్కడైనా నాలుగూ ఒకే మనిషి నెత్తిన పడతాయి. ఆ మనిషి చదివిన డిగ్రీ సాధారణంగా వీటిలో మొదటిదాని గురించే. షేక్స్పియర్ మీద ఇరవై పేజీల వ్యాసం రాసి పట్టా పుచ్చుకున్నవారు, పదమూడేళ్ల పిల్లలకు ‘పేరాగ్రాఫ్ అంటే ఏమిటి’ అని చెప్పవలసి వచ్చేసరికి నీళ్లు నములుతారు. తమకు పేరాగ్రాఫ్ రాయడం వచ్చు. అది ఎప్పుడు, ఎలా వచ్చిందో గుర్తు లేదు.

ఇక్కడే అసలు ముడి పడుతుంది. బాగా చదివేవారికి తాము ఎలా చదువుతున్నారో కనిపించదు. ఒక వాక్యంలో వ్యంగ్యం ఉందని ఎలా పసిగట్టారని అడిగితే ‘తెలిసిపోతుంది కదా’ అంటారు. తెలిసిపోని పిల్లవాడికి ఆ జవాబు ఎందుకూ కొరగాదు. 1986లో అమెరికన్ విద్యావేత్త లీ షుల్మన్ ఈ తేడాకు ఒక పేరు పెట్టారు. విషయం తెలియడం ఒకటి, బోధనా పద్ధతులు తెలియడం మరొకటి, ఆ విషయాన్ని ఇంకొకరికి అందేలా మలచడం తెలియడం మూడోది, దీన్నే ఆయన ‘పెడగాజికల్ కంటెంట్ నాలెడ్జ్’ అన్నారు. ఎక్కడ పిల్లలు తడబడతారు, ఏ పోలిక పనిచేస్తుంది, ఏ ఉదాహరణ దారి తప్పిస్తుంది అన్న ఎరుక ఈ మూడోదానిలోది. ఇది మొదటి రెంటినీ కలిపితే దానంతటది వచ్చేది కాదు.

షుల్మన్ శిష్యురాలు పామెలా గ్రాస్‌మన్ 1990లో ప్రచురించిన పరిశోధన దీన్ని కళ్లకు కట్టింది. కొత్తగా చేరిన ఆరుగురు ఇంగ్లీషు టీచర్లను ఆమె దగ్గర నుంచి చూశారు. ఆరుగురికీ సాహిత్యం బాగా తెలుసు. ముగ్గురు ఉపాధ్యాయ శిక్షణ పొందినవారు, ముగ్గురు పొందనివారు. శిక్షణ లేని ఒకరు షేక్స్పియర్ ‘హామ్లెట్’ నాటకాన్ని (తండ్రిని చంపి, ఆయన సింహాసనాన్నీ భార్యనూ దక్కించుకున్న బాబాయి మీద ఒక యువరాజు పగ కథ ఇది) ఏడు వారాల పాటు మాట మాటా విప్పి చెప్పారు, స్వగతాలు కంఠస్థం చేయించారు, తాను విశ్వవిద్యాలయంలో చదువుకున్న తీరులోనే. శిక్షణ పొందిన మరొకరు నాటకం పేరు కూడా ఎత్తకుండా మొదలుపెట్టారు. మీ అమ్మానాన్నలు విడిపోయారనుకోండి, అమ్మ ఇంకొకరికి దగ్గరైంది, ఆ మనిషే ఉద్యోగంలో మీ నాన్న స్థానాన్నీ ఆక్రమించాడు, నాన్నను తప్పించడంలో అతని చెయ్యి ఉందని నలుగురూ అనుకుంటున్నారు, మీకెలా ఉంటుందో రాయండి అన్నారు. పిల్లలు రాశారు. నాటకం ఆ తర్వాత వచ్చింది.

మొదటివారికి విషయం తక్కువ తెలుసని కాదు, బహుశా ఎక్కువే తెలుసేమో. అయితే తనకు నాటకంలో ఏది ముఖ్యమో అదే పిల్లలకూ ముఖ్యమనుకున్నారు. రెండోవారి పద్ధతిలోనూ ఒక ప్రమాదం లేకపోలేదు, హామ్లెట్ మాటల్లోని అందం ఇంటి గొడవలో పడి మాయమైపోవచ్చు. ఆ ప్రమాదాన్ని చూసి ‘ఇప్పుడు మాటల్లోకి తీసుకెళ్లు’ అనగలిగేది ఆ నాటకం పాఠం చెప్పి దెబ్బతిన్న ఇంకో ఇంగ్లీషు టీచరే.

పదమూడు వేల గంటలు చూసినవారు

కొత్త టీచరు ఖాళీ పలకతో రారు. అమెరికాలో ఒక సగటు విద్యార్థి హైస్కూలు పూర్తి చేసేసరికి టీచర్లను ఎదురుగా చూస్తూ 13,000 గంటలు గడుపుతాడని సామాజికశాస్త్రవేత్త డాన్ లోర్టీ 1975లో లెక్కకట్టారు. కేవలం చూసి చేసిన శిష్యరికం ఇది. ఏ వృత్తిలోనూ కొత్తవారికి ఇంత సుదీర్ఘమైన పరిచయం ఉండదు, ఇంత మోసపూరితమైన పరిచయమూ ఉండదు. నాటకం వెయ్యిసార్లు చూసినవాడు రంగస్థలం ముందు భాగాన్నే చూశాడు. తెర వెనుక దీపాలు ఎవరు మార్చారో అతనికి తెలియదు.

ఇంగ్లీషు విషయంలో ఇది మరీ నిజం. విద్యార్థిగా ఉన్నప్పుడు మన నోటుపుస్తకంలో ఎర్ర సిరా గీతలు చూశాం. టీచరు చూసి కూడా గీయకుండా వదిలేసినవి మనకు కనబడలేదు. ‘ఈ పిల్లవాడికి ఈ నెలలో విరామచిహ్నాల సంగతి వద్దు, ముందు వాదన నిలబెట్టడం రానీ’ అని ఒక మంచి టీచరు మనసులో తీసుకున్న నిర్ణయం కాగితం మీద ఎక్కడా ఉండదు. దిద్దడమంటే గీతలు గీయడమనే అభిప్రాయంతో మనం పెద్దవాళ్లమవుతాం. తర్వాత మనమే టీచర్లమై, అలసిపోయిన ఒక ఆదివారం సాయంత్రం, ఎవరూ నేర్పకుండానే ఎర్ర పెన్ను అందుకుంటాం.

శిక్షణ కళాశాల పోరాడవలసింది ఈ జ్ఞాపకంతో. ఒక ఏడాది, రెండేళ్ల కోర్సు 13,000 గంటల మీద గెలవాలి. ఉపన్యాసంతో అది కుదరదు. అభ్యర్థుల చేత తమ సొంత స్కూలు జ్ఞాపకాలను బయటపెట్టించి, ‘మీ టీచరు అలా ఎందుకు చేసి ఉంటారు, ఇంకేం చేసి ఉండవచ్చు’ అని తవ్వించే కోర్సులకు కొంత బలం ఉంటుంది. చాలా కోర్సులు ఆ పని చేయవు. కొత్త సిద్ధాంతాన్ని పాత జ్ఞాపకం మీద పరిచి ఊరుకుంటాయి. స్కూల్లో మొదటి గాలివానకే అది ఎగిరిపోతుంది.

తెలుసు, కానీ చేతికి రాదు

‘కాలేజీలో చెప్పింది స్కూల్లో పనికి రాదు’ అన్నది కొత్త టీచర్ల నోట తరచుగా వినిపించే ఫిర్యాదు. ‘స్కూళ్లు పాత పద్ధతులను వదలవు’ అన్నది కాలేజీ వారి ఎదురు ఫిర్యాదు. ఈ తగువులో ఎవరి పక్షాన నిలబడినా నష్టమే. చెప్పింది సరైనదే కావచ్చు, నేర్చుకున్నవారు నిజాయితీగా నమ్మి ఉండవచ్చు, అయినా ఆ క్షణంలో అది చేతికి అందకపోవచ్చు.

ఒక చిన్న ఉదాహరణ చాలు. ప్రశ్న అడిగాక టీచర్లు ఎంతసేపు ఆగుతారో 1970లలో అమెరికన్ పరిశోధకురాలు మేరీ బడ్ రో కొలిచారు. ఆమె చూసినవి సైన్సు తరగతులు. సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని తేలింది. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడవయ్యాయి, ఎక్కువ మంది నోరు విప్పారు. ఈ విషయం దాదాపు ప్రతి శిక్షణ కోర్సులోనూ చెబుతారు, పరీక్షలో రాయమంటే అందరూ రాస్తారు. తీరా తరగతిలో ఒక కవిత గురించి ప్రశ్న అడిగి, ముప్పై జతల కళ్లు తన మీద పడ్డ ఆ నిశ్శబ్దంలో, మూడు సెకన్లు మూడు గంటలుగా తోస్తాయి. కొత్త టీచరు తన ప్రశ్నకు తానే జవాబు చెప్పేస్తారు. పిల్లలకు కిటుకు వారంలో అర్థమవుతుంది: కాసేపు మౌనంగా ఉంటే చాలు, జవాబు దానంతటదే వస్తుంది.

ఇంగ్లీషు తరగతికి చర్చ ప్రాణమని అందరూ అంటారు. అమెరికాలో ఎనిమిది, తొమ్మిది తరగతుల ఇంగ్లీషు పాఠాలను పరిశీలించిన మార్టిన్ నిస్ట్రాండ్ 1997లో ఆ చర్చ ఎంతసేపు సాగుతోందో చెప్పారు. పీరియడుకు సగటున ఎనిమిదో తరగతిలో 50 సెకన్లు, తొమ్మిదో తరగతిలో 15 సెకన్ల లోపు. మిగతా సమయమంతా టీచరు అడగడం, ఒకరు జవాబివ్వడం, టీచరు ‘కరెక్ట్’ అనడం. ఇవి అనుభవజ్ఞులు కూడా ఉన్న తరగతులు సుమా.

ఎందుకిలా? చర్చ నడపడం కత్తి మీద సాము. ఒక అమ్మాయి ‘ఈ పాత్ర పిరికిది’ అంటుంది. టీచరు ఆ అభిప్రాయం వెనుక కారణం ఊహించాలి, పుస్తకంలో దానికి ఆధారం ఎక్కడుందో గుర్తు తెచ్చుకోవాలి, మూల కూర్చున్న అబ్బాయి ముఖంలో అభ్యంతరం గమనించాలి, గంట కొట్టడానికి ఎన్ని నిమిషాలుందో చూసుకోవాలి. ఇవన్నీ ఒక్క శ్వాసలో. కొత్తవారి బుర్ర ఇంత బరువు మోయలేదు. అందుకని వాళ్లు తెలివితక్కువగా కాదు, తెలివిగానే, వర్క్‌షీటు పంచిపెడతారు. వర్క్‌షీటు తరగతిని నిశ్శబ్దంగా ఉంచుతుంది, ప్రధానోపాధ్యాయుడు కిటికీలోంచి చూస్తే అంతా సవ్యంగా కనిపిస్తుంది.

ఈ బరువును ముక్కలు చేసి మోయించడం సాధ్యమే. 1963లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో సూక్ష్మబోధన ఈ ఉద్దేశంతోనే మొదలైంది: కొద్ది మంది విద్యార్థులు, కొద్ది నిమిషాలు, ఒక్క నైపుణ్యం, వీడియో చూసుకుని మళ్లీ ప్రయత్నం. ఆలోచన గొప్పది, ఆచరణలో చాలాచోట్ల ఎండిపోయింది. ‘ప్రశ్నించే నైపుణ్యం’, ‘నల్లబల్ల నైపుణ్యం’ అంటూ విషయం నుంచి వేరు చేసి అభ్యాసం చేయించేసరికి తోటి అభ్యర్థులే విద్యార్థుల్లా నటిస్తూ, ముందే తెలిసిన జవాబులను బుద్ధిగా అప్పజెప్పే తంతుగా మారింది.

ఏమి పోయిందో 2009లో గ్రాస్‌మన్, ఆమె సహ పరిశోధకులు ప్రచురించిన మరో అధ్యయనం చూపింది. మతబోధకులు, క్లినికల్ సైకాలజిస్టులు, ఉపాధ్యాయులు ఎలా తయారవుతున్నారో పోల్చి చూశారు. ఎదుటి మనిషి ఏమంటాడో ముందు తెలియని సందర్భాన్ని రిహార్సల్ చేసే అవకాశం మిగతా ఇద్దరికన్నా కాబోయే టీచర్లకే తక్కువని తేలింది. సైకాలజిస్టు కాబోయేవారు మొండికేసిన రోగితో సంభాషణను సహాధ్యాయులతో పదేపదే ఆడి చూస్తారు. కాబోయే టీచరు పాఠ్యపథకం రాస్తారు. కాగితం మీది పాఠ్యపథకంలో పిల్లలు ఎదురు చెప్పరు.

ఇంగ్లీషుకు తగిన రిహార్సల్ ఇలా ఉండవచ్చు. ఒక కథ అందరూ చదివి వస్తారు. విద్యార్థులుగా కూర్చునే నలుగురి చేతుల్లో నిజమైన పిల్లలు అన్న నిజమైన మాటలు రాసిన చీటీలుంటాయి. ఒకటి కథకు సంబంధం లేనిది, ఒకటి పొరబాటుగా చదివినది, ఒకటి టీచరు ఊహించనంత లోతైనది, ఒకటి ‘నాకు తెలియదు’. అభ్యర్థి చర్చ మొదలుపెడతారు. పొరబాటు జవాబు రాగానే శిక్షకుడు ఆట ఆపి అడుగుతాడు: ఇప్పుడేం చేస్తావు? మూడు దారులు చెప్పు. ఒకటి ఎంచుకుని మళ్లీ మొదలుపెట్టు. అరగంటలో ఇలాంటి నాలుగు మలుపులు దాటితే, నెల రోజుల పరిశీలన చూపనిది కనిపిస్తుంది.

దిద్దడం అనే చదువు

అన్నింటికన్నా తక్కువ నేర్పేది, అన్నింటికన్నా ఎక్కువ గంటలు తినేది దిద్దుబాటు. ఎంతో శ్రమపడి దిద్దినవి కూడా పిల్లలకు పనికిరాకుండా పోవడం ఈ కథలో విషాదం.

రచనాబోధన మీద పరిశోధన చేసిన నాన్సీ సమర్స్ 1982లో టీచర్లు విద్యార్థుల వ్యాసాల మీద రాసిన వ్యాఖ్యలను పరిశీలించి, మూడు సంగతులు చెప్పారు. టీచరు వ్యాఖ్యలు విద్యార్థిని తాను చెప్పదలచుకున్నదాని నుంచి మళ్లించి, టీచరు కోరుకునేదాని వైపు లాగుతున్నాయి. ఒకే పేరాలో కామా సరిచేయమనీ, అదే పేరాను మొత్తంగా తిరగరాయమనీ అడుగుతున్నాయి, తిరగరాస్తే పోయే వాక్యానికి కామా ఎందుకో పిల్లవాడికి బోధపడదు. ఇక మూడోది, చాలా వ్యాఖ్యలు ఏ వ్యాసం మీదైనా అతికించదగినంత పొడిగా ఉన్నాయి, ‘ఇంకా వివరంగా రాయి’, ‘స్పష్టత లేదు’ లాంటివి. రబ్బరు ముద్ర చేయించుకున్నా సరిపోయే మాటలు.

కొత్త టీచరుకు ఇక్కడ కావలసిన మొదటి మార్పు కళ్లల్లో రావాలి. న్యూయార్క్ సిటీ కాలేజీ 1970లో ప్రవేశ నిబంధనలు సడలించి, అంతకుముందు కాలేజీ గడప తొక్కని వర్గాల విద్యార్థులను చేర్చుకుంది. వాళ్ల వ్యాసాలు చూసి అధ్యాపకులు తలలు పట్టుకున్నారు. అక్కడే పనిచేసిన మీనా షానెసీ అలాంటి 4,000 వ్యాసాలు ముందేసుకుని చదివి, 1977లో తన పుస్తకంలో చెప్పింది ఇది: ఈ తప్పుల్లో చాలా వాటికి ఒక తర్కం ఉంది, ఇవి అజాగ్రత్త కాదు. ‘షీ సింగ్స్’ అన్నది నేర్చుకున్న పిల్ల ‘షీ కెన్ సింగ్స్’ అని రాసిందంటే ఆమెకు నియమం రాలేదని కాదు, నియమం వచ్చి, అది ఆగే చోటు తెలియలేదని. ‘గో’కు భూతకాలం రాయమంటే చివర ‘ఈ’, ‘డీ’ అక్షరాలు తగిలించిన అబ్బాయి కూడా అంతే. గీత గీస్తే ఈ తప్పూ, నిద్రమత్తులో రాసిన తప్పూ ఒకేలా కనిపిస్తాయి. ఈ రెంటినీ వేరు చేయగలిగితే ముప్పై వ్యాసాల్లో మూడు వందల తప్పుల స్థానంలో అయిదారు ధోరణులు తేలతాయి. అప్పుడు దిద్దుబాటు గంటలు తగ్గుతాయి, రేపటి పాఠం ఏమిటో ఆ కట్టలోంచే తెలుస్తుంది.

వ్యాకరణం గురించి ఒక మాట చెప్పక తప్పదు, ఎందుకంటే కొత్తవారు భయం వేసినప్పుడు పరిగెత్తేది అక్కడికే. విడిగా వ్యాకరణ పాఠాలు చెప్పినంత మాత్రాన పిల్లల రచన మెరుగుపడదని, రాయించే సమయాన్ని తినేస్తే హాని కూడా చేస్తుందని 1963లోనే అమెరికన్ పరిశోధకుడు రిచర్డ్ బ్రాడాక్, ఆయన సహచరులు అప్పటి పరిశోధనలను సమీక్షించి తేల్చారు. అది ప్రధానంగా ఇంగ్లీషు ఇంటి భాషగా ఉన్న పిల్లల మాట. ఇంగ్లీషును కొత్తగా నేర్చుకునేవారికి భాష నిర్మాణాన్ని విప్పి చూపడం అవసరమే. ఈ తేడా గమనించకుండా ‘వ్యాకరణం వద్దు’, ‘వ్యాకరణమే ముద్దు’ అని అరుచుకునే చర్చలు ఎన్నో. నా ఉద్దేశంలో ఎక్కడైనా పనికివచ్చే ప్రశ్న ఒకటే: ఈ వారం ఈ పిల్లలు రాసినదానిలో ఏ నియమం లేక చెప్పదలచుకున్నది చెప్పలేకపోయారు? దానికి జవాబు ఉన్న పాఠం చెప్పవచ్చు. పుస్తకంలో తరువాతి అధ్యాయం కాబట్టి చెప్పే పాఠం వేరు.

తోడు ఎవరు, ఏ పనికి?

ఉద్యోగంలో చేరినవారి బాధలు ఏమిటో 1984లో డచ్ పరిశోధకుడు సైమన్ వీన్మన్ వివిధ దేశాల 83 అధ్యయనాలను క్రోడీకరించి వరుస పెట్టారు. మొదటిది తరగతి క్రమశిక్షణ. తర్వాత పిల్లల్లో ఆసక్తి పుట్టించడం, ఒక్కొక్కరి తేడాలకు తగ్గట్టు చెప్పడం, పిల్లల పనిని మదింపు చేయడం. ఈ పట్టిక చూసి పాఠశాలలు ఏం చేస్తాయి? క్రమశిక్షణ మీద ఒకరోజు శిక్షణ పెడతాయి. ఆ పూటకు బాగానే ఉంటుంది.

అల్లరి చాలాసార్లు లక్షణమే తప్ప రోగం కాదు. తమ స్థాయికి మించిన పాఠం చేతిలో పెట్టి ‘చదవండి’ అంటే, చదవలేని పిల్లవాడికి ఉన్న గౌరవప్రదమైన మార్గం అల్లరి చేయడమే. చదవలేనని ఒప్పుకోవడం కన్నా ఆకతాయి అనిపించుకోవడం నయం. తోడుగా వచ్చిన లెక్కల టీచరు ‘గొంతు పెంచకు, ముందు వరుసలోకి మార్చు’ అంటారు. మంచి సలహాలే. ఇంగ్లీషు టీచరు వచ్చి కూర్చుంటే ‘ఆ కథకు ముందు పది నిమిషాలు ఈ రెండు పేరాలు నువ్వే చదివి వినిపించు, ఈ ఆరు మాటలు ముందే చెప్పు’ అనగలరు.

దీనికి ఆధారం ఉంది. కొత్త టీచర్లు వృత్తి వదిలి వెళ్లడాన్ని రిచర్డ్ ఇంగర్సాల్, థామస్ స్మిత్ 2004లో అమెరికా జాతీయ గణాంకాలతో పరిశీలించారు. రకరకాల సహాయాల్లో ఎక్కువగా పనిచేసినవి రెండు: తన సబ్జెక్టుకే చెందిన సీనియరు తోడుగా ఉండడం, అదే సబ్జెక్టు చెప్పే ఇతరులతో కలిసి పాఠాలు సిద్ధం చేసుకునే సమయం ఉండడం. అలాగని తోడు పెట్టగానే అద్భుతాలు జరగవు. అమెరికా ప్రభుత్వం ప్రాథమిక పాఠశాలల్లో చేయించిన పెద్ద ప్రయోగంలో, విస్తృతమైన సహాయం పొందిన కొత్త టీచర్లు మిగతావారికన్నా ఎక్కువ కాలం నిలవలేదు. పిల్లల మార్కుల్లోనూ మొదటి రెండేళ్లు తేడా లేదు. రెండేళ్ల పాటు సహాయం అందిన చోట మూడో ఏడాదిలో తేడా కనిపించింది. ఏడాది తిరక్కుండానే ‘పథకం పనిచేయలేదు’ అని ఫైలు మూసే అధికారులకు ఈ మూడో ఏడాది గుర్తుండదు.

ఇంగ్లండ్‌లో 2021 సెప్టెంబరు నుంచి కొత్త టీచర్లకు తొలి రెండేళ్లూ ఒక మార్గదర్శి ఉండాలని, మొదటి ఏడాది బోధన సమయంలో 10 శాతం, రెండో ఏడాది 5 శాతం తగ్గించాలని నిబంధన పెట్టారు. ఇందులో నాకు నచ్చింది శిక్షణ పత్రాలు కాదు, ఆ 10 శాతం. సమయం ఇవ్వని సహాయం అంటే సాయంత్రం ఆరింటికి ఇంకో మీటింగ్. మునిగేవాడి చేతికి ఈత పుస్తకం ఇచ్చినట్టు.

మార్గదర్శిని ఎలా ఎంచుకుంటారన్నది ఇంకో చిక్కు. స్కూల్లో బాగా చెప్పేవారిని పిలిచి ‘కొత్తమ్మాయిని చూసుకోండి’ అంటారు. చెయ్యి తిరిగినవారికి తాము చేసేది కనిపించదు. పాఠం మధ్యలో ప్రశ్న ఎందుకు మార్చారని అడిగితే ‘అలా అనిపించింది’ అంటారు. ఆ ‘అనిపించడం’ వెనుక ఉన్న ఇరవై గమనింపులను మాటల్లో పెట్టడం వేరే విద్య, దాన్ని మార్గదర్శికీ నేర్పాలి. ఇంకా పెద్ద తప్పు, సహాయం చేసేవారి చేతికే పనితీరు నివేదిక రాసే అధికారం ఇవ్వడం. తనకు మార్కులు వేసే మనిషి ముందు ‘నిన్న నా చర్చ పూర్తిగా చెడిపోయింది, ఎందుకో తెలియలేదు’ అని ఎవరు చెబుతారు? అందరూ ‘బాగానే ఉంది సార్’ అంటారు. మూడో నెలకు కొందరు రాజీనామా ఇస్తారు.

పాఠ్యసామగ్రి ఇవ్వాలా, వద్దా? ‘కొత్తవారి సృజన చచ్చిపోతుంది, సొంతంగా తయారు చేసుకోనివ్వండి’ అనే వాదన నాకు కొంచెం క్రూరంగా తోస్తుంది. అయిదు సెక్షన్లకు, రెండు మూడు స్థాయిల్లో, రోజూ సొంతంగా పాఠాలు తయారు చేసుకోమనడం స్వేచ్ఛ కాదు, గాలికి వదిలేయడం. అలాగే ‘12వ నిమిషంలో ఈ ప్రశ్న అడుగు’ అనే ముద్రిత స్క్రిప్టు కూడా పనికిరాదు. మొదటి ఏడాదికి సీనియర్లు వాడి, నలిగిన పాఠాలు ఇవ్వాలి, మార్జినులో వాళ్ల చేతిరాతతో సహా: ఈ ప్రశ్న ఇక్కడ ఎందుకు, ఈ కథ తొమ్మిదో తరగతి అబ్బాయిలకు ఎందుకు ఎక్కదు, పోయినేడాది ఏం మార్చాను. పాఠం కన్నా ఆ మార్జినే విలువైనది.

2022 నవంబరు చివర చాట్‌జీపీటీ వచ్చాక ఈ పనికి ఇంకో పొర చేరింది. ఇంటి దగ్గర రాసుకొచ్చిన వ్యాసం ఎవరిదో తెలియదు, పాఠ్యపథకాలు నిమిషంలో ముద్దగా వచ్చి పడతాయి. ఇక్కడ సీనియర్లకూ అనుభవం లేదు, కాబట్టి మార్గదర్శీ కొత్త టీచరూ ఒకే మెట్టు మీద ఉన్నారు. తరగతిలోనే రాయించడం, చిత్తుప్రతులు దశలవారీగా చూడడం, రాసినదాని గురించి పిల్లవాడితో రెండు నిమిషాలు మాట్లాడడం లాంటి పాత పనులకే మళ్లీ గిరాకీ వచ్చింది.

ఇంగ్లీషు విభాగం ఉన్న ఏ స్కూలైనా రేపే మొదలుపెట్టగలిగిన పని ఒకటుంది. కొత్త టీచరు తరగతి నుంచి అయిదు వ్యాసాలు తీసుకుని, రెండేసి ప్రతులు చేసి, ఇద్దరూ విడివిడిగా దిద్దుతారు. తర్వాత పక్కపక్కన పెట్టి చూసుకుంటారు. కొత్తవారి కాగితం ఎర్రగా ఉంటుంది. సీనియరు కాగితం మీద రెండు ప్రశ్నలు, ఒక గీత, అంతే. ‘ఇవన్నీ ఎందుకు వదిలేశారు?’ అని కొత్తవారు అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి సీనియరుకు పావుగంట పడుతుంది, మధ్యలో ఒకటి రెండుసార్లు ‘నిజమే, ఇది నేను చూడలేదు’ అని కూడా అంటారు. నాలుగో వ్యాసం దగ్గరికి వచ్చేసరికి కొత్తవారు పెన్ను కింద పెట్టి, ముందు మొత్తం చదువుతారు.